బీబీఏ సీటు తీసుకునే ముందు ఆ పనికి డబ్బిచ్చేది ఎవరో తేల్చుకోండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ కౌన్సెలింగ్ ముగిసేదాకా నెల్లూరు, ఒంగోలు కాలేజీల ప్రవేశాల బల్ల ముందు తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు ఫొటోగ్రఫీ అంటున్నాడు సార్, ముందు బీబీఏలో చేర్చేస్తే ఎందుకైనా మంచిది కదా?" ఫొటోగ్రఫీ బదులు బేకరీ, యానిమేషన్, సౌండ్ రికార్డింగ్, అడవుల్లో ఉద్యోగం, కొయ్య బొమ్మల వ్యాపారం, ఏదైనా కావచ్చు. ఇంజనీరింగూ బ్యాంకు ఉద్యోగమూ కాని ఏ ఆశకైనా మన దగ్గర ఒకటే మందు, బిజినెస్ డిగ్రీ. ఆ "ఎందుకైనా మంచిది" అన్న మాట దగ్గరే వాణిజ్యం, నిర్వహణ బోధించే అధ్యాపకులమైన మా అభ్యంతరం. కొందరికి అది నిజంగానే మంచిది, కొందరికి దండగ, కొందరికి చేటు.

ఆశ పేరు విని జవాబు చెప్పలేం. ఆ పనికి డబ్బిచ్చేది ఎవరు, దేనికిస్తారు, ఎప్పుడిస్తారు అన్నది ముందు కనుక్కోవాలి. చేతిలో ఉన్న పనితనానికి ఇస్తారా? అర్హత కాగితం చూసి ఇస్తారా? పదిమంది పనిని కూర్చి సకాలానికి అందించినందుకు ఇస్తారా? పనితనానికి ఇచ్చే చోట బిజినెస్ డిగ్రీ తర్వాతి సంగతి. అర్హతకు ఇచ్చే చోట అడ్డం. కూర్చి నడిపించే చోట మాత్రం దానికి దీటైన చదువు లేదు.

అడ్డం సంగతి ముందు చెప్పాలి, అది తర్వాత సరిదిద్దుకోలేని తప్పు కాబట్టి. అడవులంటే ఇష్టమున్న బైపీసీ పిల్లను బీబీఏలో చేర్చారనుకోండి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయాలంటే డిగ్రీలో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయన, భౌతిక, గణిత, భూగర్భ, గణాంక శాస్త్రాల్లో ఒకటో, పశుపోషణో ఉండాలి, లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ డిగ్రీ అయినా ఉండాలి. బీబీఏతో ఆ తలుపు పూర్తిగా మూసుకుపోతుంది. రొయ్యల గుంటలకు సలహాదారుగా ఉండాలనుకునేవాడిదీ అదే పరిస్థితి. గుంటలో అమ్మోనియా ఎందుకు పెరిగింది, తెల్లమచ్చ రోగం వచ్చిందా, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పట్టిందా, పట్టుబడికి ఏ కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) దాకా ఆగాలి అన్నది చెప్పగలిగినవాడికే రైతు డబ్బిస్తాడు. ఆ చదువు మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్ఎస్సీలో ఉంది, దానికి కాలేజీ మన ముత్తుకూరులోనే ఉంది. దాని పైచదువు ఎంఎఫ్ఎస్సీ చేయాలన్నా బీఎఫ్ఎస్సీ తప్పనిసరి. హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ నడిపే అగ్రిబిజినెస్ పీజీ డిప్లొమా కూడా వ్యవసాయ, అనుబంధ శాస్త్రాల డిగ్రీలవాళ్ల కోసం పెట్టిందే. అంటే వ్యవసాయ రంగంలో వ్యాపారం చదవాలనుకునేవాడికి కూడా ముందు శాస్త్రం, తర్వాత వ్యాపారం అన్న వరసే లాభం. పూణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చాలా కోర్సులకు ఏ డిగ్రీ అయినా ఒప్పుకుంటుంది. కానీ సౌండ్ రికార్డింగ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్ అడుగుతుంది. ఆ దారి ఇంటర్‌లో సీఈసీ తీసుకున్న రోజే మూసుకుపోయిందని చాలామందికి మూడేళ్ల తర్వాత గానీ తెలియదు.

ఎదురు దిశలో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎంబీఏకు ఏ డిగ్రీ అయినా చాలు, 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 45. ఐసెట్ 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పుకు మార్కు కోత లేదు. బీఎఫ్ఎస్సీవాడు, బీఏ చరిత్రవాడు, బీఎస్సీవాడు అందరూ రాయవచ్చు. కాబట్టి పిల్లల మనసు ఇంకా కుదురుకోలేదు అనిపిస్తే డిగ్రీలో తర్వాత దొరకని చదువును తీసుకుని, దొరికేదాన్ని వెనక్కి పెట్టడం తెలివి. మన రాష్ట్రంలో 2023-24లో వచ్చిన సింగిల్ మేజర్ పద్ధతిలో మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) తోడు మైనర్ (ఉప సబ్జెక్టు) కూడా పెట్టారు. శాస్త్రం మేజర్‌గా, వాణిజ్యం మైనర్‌గా ఇచ్చే కాలేజీ దొరికితే రెండూ అందుతాయి. ఇంకో మార్గం, ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవడానికి 2022లో యూజీసీ అనుమతించింది. ఒకటి కాలేజీకి వెళ్లి, ఇంకోటి గుర్తింపు ఉన్న దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో.

ఇప్పుడు పనితనం అమ్ముకునేవాళ్ల సంగతి. ఫొటోగ్రాఫర్, గాయకుడు, కేకులు చేసే అమ్మాయి, ఎడిటర్. వీళ్ల దగ్గరికి వచ్చేవాళ్లు సర్టిఫికెట్ అడగరు, చేసిన పని చూపించమంటారు. మరి వీళ్లకు వ్యాపార జ్ఞానం అక్కర్లేదా అంటే, ఎంబీఏ చేసిన ఉద్యోగికంటే వీళ్లకే ఎక్కువ కావాలి. ఉద్యోగికి ఒకటో తారీఖున జీతం పడుతుంది, వీళ్లకు పడదు. ఎంతవరకు కావాలన్నదే ప్రశ్న. లెక్క వేసి చూపిస్తేనే తెలుస్తుంది.

నెల్లూరులో పెళ్లిళ్లు తీసే ఒక కుర్రాడి లెక్క ఊహించుకోండి. గది అద్దె 12 వేలు, సహాయకుడికి 18 వేలు, సాఫ్ట్‌వేరు, ఇంటర్నెట్టు 5 వేలు, కరెంటు, పెట్రోలు, ఫోను 10 వేలు. నెలకు 45 వేలు, పని ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. ఒక పెళ్లికి 40 వేలు తీసుకుంటాడు. అందులో రెండో కెమెరామన్, డ్రోన్, ఆల్బమ్, ప్రయాణం కింద 22 వేలు పోతాయి. మిగిలేది 18 వేలు. "నెలకు మూడు పెళ్లిళ్లు దొరికితే గట్టెక్కినట్టే" అని కుర్రాడు లెక్క చెబుతాడు. కాగితం మీద అది సరిగ్గానే కనిపిస్తుంది.

కానీ మన దగ్గర పెళ్లిళ్లు నెలకు మూడు చొప్పున రావు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు. కాబట్టి లెక్క నెలకు కాదు, ఏడాదికి వేయాలి. 45 వేలు పన్నెండు నెలలకు 5,40,000. కెమెరా, లెన్సులు 3 లక్షలు, నాలుగేళ్లు పనిచేస్తాయనుకుంటే ఏటా 75 వేలు పక్కన పెట్టాలి, లేకపోతే నాలుగో ఏడు అప్పు తప్పదు. తన జీతం ఇందులో ఎక్కడా లేదు. నెలకు 25 వేలు తనకు కావాలంటే మరో 3 లక్షలు. మొత్తం 9,15,000. దాన్ని 18 వేలతో భాగిస్తే 51 పెళ్లిళ్లు. మంచి ముహూర్తం రోజున ఊళ్లో ఇరవై పెళ్లిళ్లున్నా ఒక బృందంతో తీయగలిగేది ఒక్కటే. కాబట్టి 51 దొరకడం ఒకటి, 51 వేర్వేరు తేదీల్లో దొరకడం ఇంకొకటి.

ఇంకా అయిపోలేదు. 51 పెళ్లిళ్లకు 40 వేల చొప్పున 20,40,000. సేవలు అందించేవాళ్లు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఈ పనికి పన్ను 18 శాతం. పెళ్లివారు "40 వేలన్నావు, మళ్లీ పన్నేంది" అంటారు. 50 లక్షల లోపు టర్నోవర్ ఉన్న సేవలకు 6 శాతం కట్టే కాంపోజిషన్ పద్ధతి ఒకటుంది. అందులో పన్ను కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు, చేతి నుంచే కట్టాలి. పెళ్లికి 2,400 పోయి 15,600 మిగులుతుంది, 51 కాస్తా 59 అవుతుంది. పైగా రాష్ట్రం దాటి సేవ అందిస్తే ఈ పద్ధతి వర్తించదు. చెన్నై పనులు కూడా పట్టే నెల్లూరువాళ్లు ఇది ముందే చూసుకోవాలి. 40 వేల ధర మొదట్లోనే తప్పు. పక్క స్టూడియో ఎంత తీసుకుంటుందో చూసి పెట్టిన ధర అది, తన ఖర్చు చూసి పెట్టింది కాదు. ఈ రంగంలో మూతపడే దుకాణాల్లో చాలావాటికి పని రాక కాదు, ఈ లెక్క రాకే.

వసూలు కూడా ఒక విద్యే. మూడో వంతు బుకింగ్‌కు, మూడో వంతు పెళ్లి రోజున, మిగతాది ఆల్బమ్ ఇచ్చినప్పుడు అనుకుంటే ఆ చివరి భాగం నెలల తరబడి రాదు. ఆల్బమ్‌లో పెట్టాల్సిన ఫొటోలు ఎంచాల్సింది పెళ్లివారే, వాళ్లకు తీరిక ఉండదు. చివరి వాయిదాను ఆల్బమ్‌తో కాక ఫొటోల హార్డ్ డిస్క్ అప్పగింతతో ముడిపెట్టి కాగితం మీద రాసుకుంటే సగం తలనొప్పి పోతుంది. పాటలు రాసేవాళ్లకు, బాణీ కట్టేవాళ్లకు ఇంకో కాగితం ముఖ్యం. సినిమాలో వాడిన తమ పాట థియేటర్ బయట ఇంకే రూపంలో వాడకమైనా వచ్చే రాయల్టీలో సమాన వాటా వాళ్లది. దాన్ని వదులుకుంటున్నట్టు ఒప్పందం రాయించుకున్నా చెల్లదని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చెబుతోంది. చెన్నై, హైదరాబాద్ బండెక్కే పిల్లలు సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సింది ఇది. మామూలు ఎంబీఏ తరగతిలో ఇది చెప్పరు.

ఈ విద్యంతా కలిపితే ఎంత? ఖర్చు లెక్కగట్టే కాస్టింగ్, నగదు రాకపోకల పట్టిక, ఒప్పందాల ప్రాథమికాంశాలు, పన్నుల పరిచయం. ఎంబీఏ నాలుగు సెమిస్టర్లలో ఇది ఒక సెమిస్టర్‌కు మించదు. మిగతాదంతా పెద్ద కంపెనీలో ఒక విభాగాన్ని నడపడానికి రాసిన సిలబస్. అది చెడ్డదని కాదు, వీళ్లకోసం రాసింది కాదు. కావలసిన ముక్క కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో ఉచితంగా దొరుకుతుంది. 4, 8, 12 వారాల కోర్సులుంటాయి, సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో వసతితో సహా ఉచిత శిక్షణ ఉంది. పట్టుదల ఉన్నవాడు సాయంత్రాలు ఒక ఆడిటర్ ఆఫీసులో మూడు నెలలు పద్దులు రాసినా ఇందులో సగం వస్తుంది.

మూడో రకం, అంటే పదిమంది పనిని కూర్చి నడిపించే ఆశలున్నవాళ్లనే మేం మా తరగతుల్లోకి మనసారా పిలుస్తాం. ఉదయగిరి కొయ్య చెంచాలనే తీసుకుందాం. భౌగోళిక గుర్తింపు ఉంది, చేతిపని తెలిసిన ఆడవాళ్లున్నారు. పనితనానికి అక్కడ కరువు లేదు. లేనిది నడిపే మనిషి. బెంగుళూరు దుకాణం రెండు వేల గరిటెలు కావాలంటుంది, అన్నీ ఒకే పొడవుండాలంటుంది. కొయ్య సరిగా ఆరకపోతే నగరంలో ఏసీ గదిలో పెట్టిన వారానికి పగులుతుంది, సరుకు తిరిగొస్తుంది. తేమ చూసి ఏరేదెవరు, పగిలినవాటి నష్టం ఎవరిది, అమ్ముడైతేనే డబ్బన్న షరతుకు ఒప్పుకోవాలా, డబ్బు వచ్చేలోపు కూలీ ఎక్కడి నుంచి తేవాలి? ఇవన్నీ ఆపరేషన్స్, వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడకకు కావలసిన డబ్బు), వ్యాపార చట్టం పాఠాలు. చిన్న పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన ఉద్యం రిజిస్ట్రేషన్‌కు ఒక్క రూపాయి ఖర్చు లేదు. అది ఉన్న సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకు కొన్నవాళ్లు 45 రోజులకు మించి గడువు పెట్టుకోవడానికి 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ఒప్పుకోదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. ఈ సంగతి తెలిసి, దాన్ని ఆర్డరు కాగితం మీద మర్యాదగా రాయగల ఒక బీబీఏ పిల్ల ఆ ఊరికి పదిమంది చెక్కేవాళ్లంత అవసరం.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలదీ ఇదే కథ. నిమ్మ, పొగాకు, బత్తాయి, మిరప, ఏదైనా సరే. 2020లో కేంద్రం పెట్టిన పదివేల సంఘాల పథకం మార్గదర్శకాల్లో సీఈఓ అర్హతల వరసలో వ్యవసాయ డిగ్రీల పక్కనే బీబీఏ కూడా ఉంది. ఆ పథకం కింద సీఈఓ జీతానికి నెలకు 25 వేల దాకా సాయం, అదీ మూడేళ్లే. ఆ మూడేళ్లలో సంఘం సొంత కాళ్ల మీద నిలబడకపోతే జీతం ఆగుతుంది. ఇది సర్కారీ ఉద్యోగం అనుకుని చేరితే నిరాశే. సినిమా నిర్మాణ నిర్వహణ, నాటక పరిషత్తుల నిర్వహణ, పర్యాటక యాత్రలు నడపడం కూడా ఈ కోవలోవే. ఇటువైపు మనసున్నవాళ్లు గుజరాత్ ఆనంద్‌లోని గ్రామీణ నిర్వహణ సంస్థ ఇర్మా గురించి ఒకసారి చదవాలి. పల్లె సంస్థలను నడిపే మేనేజర్లను తయారు చేయడానికే పాల విప్లవ పితామహుడు కురియన్ 1979లో దాన్ని మొదలుపెట్టారు.

చేరాలని తేల్చుకున్నవాళ్లకు ఖర్చు గురించి ఒక మాట. ఏడాదికి 60 వేల ఫీజు, నెలకు 8 వేల హాస్టల్ అనుకుంటే రెండేళ్ల ఎంబీఏకు 3,12,000. ఆ రెండేళ్లు పనిచేసి నెలకు 12 వేలు తెచ్చేవాడైతే వదులుకున్నది మరో 2,88,000. కలిపితే 6 లక్షలు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద తయారీ యూనిట్ గరిష్ఠ విలువ 50 లక్షలు, దానికి జనరల్ కేటగిరీవాళ్ల సొంత వాటా 10 శాతం, అంటే 5 లక్షలు. ఆ పథకానికి కావలసిన చదువు ఎనిమిదో తరగతి. ఎంబీఏ మానేసి అప్పు తీసుకోమని మేం చెప్పడం లేదు. ఆ 6 లక్షలకు పోటీగా ఇంకేం నిలబడుతున్నాయో చూడమంటున్నాం. విద్యారుణం తీసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 4 లక్షలు, 10.5 శాతం, ఏడేళ్లంటే, చదువుకునే కాలపు వడ్డీ కలపకుండానే నెలకు 6,750 దాకా కిస్తీ. అది కోర్సు ముగిసిన ఏడాదికి మొదలవుతుంది. కొత్త దారి పట్టినవాడి చేతికి ఇంకా పెద్దగా డబ్బు రాని రోజులు సరిగ్గా అవే. అప్పు చేసి ఎంబీఏ చదివిన పిల్లలు సొంత ఆశ వదిలి, దొరికిన సేల్స్ ఉద్యోగంలో చేరడానికి మనసు మారడం కంటే ఈ కిస్తీయే ఎక్కువసార్లు కారణం.

అందుకే డిగ్రీ అవగానే ఎంబీఏ అన్న తొందర వద్దు. ఎంచుకున్న రంగంలోనే, జీతం తక్కువైనా రెండేళ్లు పనిచేసి వచ్చినవాడికి అవే పాఠాలు వేరేలా అర్థమవుతాయి. ఒంటరిగా పనిచేయబోయేవాళ్లకైతే బీబీఏ కన్నా బీకాం మేలన్నది మా అభిప్రాయం. పద్దులు గట్టిగా వస్తాయి, 55 శాతం మార్కులుంటే సీఏ ఇంటర్మీడియట్‌లో నేరుగా చేరే వీలు కూడా మిగులుతుంది. మా బీబీఏ సహాధ్యాపకులు దీనికి ఒప్పుకోరు, వాళ్ల వాదన వాళ్లకుంది.

కాలేజీ ఎంపికలో తప్పులు ఎక్కువగా ప్లేస్‌మెంట్ల పేజీ దగ్గర జరుగుతాయి. "మేనేజ్‌మెంట్ ట్రైనీ, ఏడాదికి మూడున్నర లక్షలు" అని ఉంటే ఆ పని ఏమిటో, ఏ ఊళ్లోనో, అందులో టార్గెట్ మీద వచ్చే ఇన్సెంటివ్ ఎంతో, చేతికి నెలకు ఎంత వస్తుందో అడగండి. వసూళ్లు, పాలసీల అమ్మకం కూడా ఆ పేరుతోనే నడుస్తాయి. 2024-25 నుంచి బీబీఏ కూడా అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) పరిధిలోకి వచ్చింది, అనుమతి పత్రం అడిగి చూడండి. పీజీ డిప్లొమా అయితే అది ఎంబీఏతో సమానమని భారత విశ్వవిద్యాలయాల సంఘం గుర్తించిందో లేదో చూడాలి, తర్వాత పీహెచ్‌డీకో సర్కారీ ఉద్యోగానికో అది అవసరమవుతుంది. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఎలా చేయిస్తారో గత బ్యాచ్‌వాళ్లను అడగండి. జిరాక్స్ సెంటర్‌లో రెడీగా దొరికే రిపోర్టు బైండ్ చేయించి ఇచ్చే కాలేజీ అయితే, సొంత ఆలోచనను పరీక్షించుకోవడానికి ఆ కోర్సులో దొరికే ఒకే ఒక అవకాశం పోయినట్టే. కొయ్య చెంచాల మీదో పెళ్లి ఫొటోల మీదో ప్రాజెక్టు చేస్తానంటే గైడ్ ఒప్పుకుంటారా అన్నది ఫీజుకంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

తమరికి మా విన్నపం ఒక్కటి. ప్రవేశాల వేళ జిల్లా పేజీలో కాలేజీల ప్రకటనల పక్కన, ప్రతి కాలేజీ నుంచి ఒక చిన్న పట్టిక తెప్పించి వేయండి. గత బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, ఉద్యోగం వచ్చినవాళ్ల హోదా, ఊరు, చేతికొచ్చే జీతం, సొంతంగా ఏదైనా పెట్టుకున్నవాళ్లు ఎందరు. ఇవ్వని కాలేజీ పేరు ఎదురుగా గడి ఖాళీగా ఉంచి అచ్చువేయండి.

ఇట్లు,
వాణిజ్య, నిర్వహణ శాస్త్రాల అధ్యాపకులు,
నెల్లూరు, ఒంగోలు.